ఉషా మిషను కాళ్లు, బేతంచెర్ల బండ

మా మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన ఒక కుట్టుమిషను కాళ్లు ఏళ్ల తరబడి పడి ఉండేవి. కాళ్లంటే కాళ్లే. పైన మిషను లేదు, చెక్క లేదు, పెడలు ఒక పక్కకు వాలిపోయింది, చక్రం తుప్పుపట్టి బిగుసుకుపోయింది. బట్టలు ఆరేసే తాడు ఒక కొస దానికే కట్టేవాళ్లం. అంతకు మించి ఇంట్లో ఎవరికీ దానితో పని పడలేదు.

2009 అక్టోబరు 2న కర్నూలులో ఉన్నవాళ్లకు అది అక్కడికెట్లా చేరిందో చెప్పక్కర్లేదు. హంద్రీ, తుంగభద్ర రెండూ కలిసి ఊళ్లోకి వచ్చినప్పుడు పాతబస్తీలో మా ఇల్లు కిటికీల పైదాకా మునిగింది. నీళ్లు తగ్గాక వచ్చి తలుపు తోస్తే లోపల మోకాలి లోతు బురద. ఏది దొరికితే అది కడిగి మిద్దె మీద ఎండకు పెట్టాం. అమ్మ కుట్టుమిషను తల భాగం అప్పటికే పనికిరాకుండా పోయింది, నాన్న దాన్ని గుజిరీ అంగడికి తూకానికి వేసేశాడు. కాళ్లు మాత్రం మిద్దెక్కాయి. ఎండాక కిందికి దించుదాం అనుకున్నాం, ఎవరూ దించలేదు. అంతే చరిత్ర.

ఆ బురదలో నేను చూసిన ఇంకో సంగతి ఇప్పటికీ గుర్తుంది. ఆ ఏడాదే వాయిదాల మీద కొన్న టీవీ స్టాండు, కంప్యూటర్ టేబుల్ రెండూ నానిన బొరుగుల్లాగా ఉబ్బి, చేత్తో పట్టుకుంటే ముద్దలు ముద్దలుగా ఊడి వచ్చాయి. రంపపు పొట్టు, చెక్క ముక్కలు జిగురుతో కలిపి అచ్చుకొట్టిన బోర్డు అది, పైన చెక్క బొమ్మ ఉన్న కాగితం. నీళ్లు తగిలితే జిగురు విడిపోతుంది, పొట్టు మళ్లీ పొట్టవుతుంది. అదే గదిలో జేజి కాలంనాటి టేకు బీరువా కూడా అన్ని నీళ్లలోనూ అన్ని రోజులూ ఉంది. దాని తలుపులు ఉబ్బి బిగుసుకుపోయాయి, ఇక పగలగొట్టాల్సిందే అన్నారు. మార్చి ఎండలు మొదలైనాక ఒకరోజు మధ్యాహ్నం టక్ అని శబ్దం వచ్చింది, పోయి చూస్తే తలుపు తనంతట తానే తెరుచుకుని ఉంది. ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు.

పాత సామాన్ల పిచ్చి నాకు అప్పుడే అంటిందని మా ఆవిడ అంటుంది. నిజానికి అప్పుడు అంటలేదు, పోయిన ఎండాకాలం అంటింది. పాప రాసుకోవడానికి ఒక టేబుల్ కావాలంటే కొందామని అంగడికి పోయాం. ఏడు వేలు చెప్పాడు. వేలితో కొట్టి చూస్తే మళ్లీ అదే అచ్చుకొట్టిన బోర్డు. "వాటర్‌ప్రూఫ్ సార్" అన్నాడు కుర్రాడు. పాపం అతను 2009లో ఒకటో రెండో తరగతి చదువుతూ ఉంటాడు. ఏమీ అనకుండా వచ్చేశాను. ఆ సాయంత్రం మిద్దె మీద తాడు విప్పి మిషను కాళ్లు కిందికి దించాను.

దించడమంటే ఒక వాక్యంలో అయిపోయింది గానీ అది పోత ఇనుము, మెట్ల మలుపులో నా వేలు నలిగి గోరు నల్లబడింది. ముందు వైరు బ్రష్షుతో రుద్దాను. తుప్పు ఎర్రగా రాలేకొద్దీ అడుగున అచ్చుపోసిన తీగలు, పూలు, వాటి మధ్య ఉషా అనే అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. అమ్మ గడపలో కూర్చుని చూస్తా, "ఆ పూల సందుల్లో దారప్పోగులు ఇరుక్కునేవి, సూదితో తీసేదాన్ని" అంది. చక్రం ఇరుసు మీద కిరోసిన్ పోసి రెండు రాత్రులు వదిలేస్తే మూడో రోజు కదిలింది. అంతవరకు బాగానే ఉంది.

పెడల్‌ను పట్టుకునే కొమ్ము ఒకటి విరిగి ఉంది. దాన్ని తీసుకుపోయి వెల్డింగ్ చేయించాను, వంద రూపాయలు. ఇంటికొచ్చి చల్లారాక చూస్తే అతుకు పక్కనే సన్నటి వెంట్రుక లాంటి చీలిక. మరుసటి రోజు కాలు పెట్టగానే మళ్లీ విరిగింది, ఈసారి రెండు చోట్ల. గేట్లకు, గ్రిల్లులకు వాడే మామూలు ఇనుము వేరు, పోత ఇనుము వేరు అని నాకు అప్పటికి తెలియదు. పోత ఇనుములో కార్బన్ ఎక్కువ, పెళుసుగా ఉంటుంది. ఒక్కచోటే గబుక్కున వేడిచేసి చల్లారిస్తే పక్కన పగులుతుంది. దానికి నికెల్ ఉన్న రాడ్డు కావాలి, ముందూ వెనకా నిదానంగా కాచాలి, అంత ఓపిక రోడ్డు పక్క వెల్డింగ్ అంగట్లో ఎవరికుంటుంది. చివరికి విరిగిన చోట రెండు వైపులా ఇనుప పట్టీ పెట్టి, రంధ్రాలు వేసి బోల్టులతో బిగించాను. అందంగా లేదు. కానీ విరగలేదు. ఆ తర్వాత రెడాక్సైడు ఒక పూత, నల్ల ఎనామిల్ రెండు పూతలు.

ఇప్పుడు పైన ఏం వేయాలి? ప్లైవుడ్ వేయమని అందరూ చెప్పారు. అదే వారం మా వీధి చివర ఒకాయన ఇంట్లో టైల్స్ వేయించుకుంటూ పాత బండలు పీకించి రోడ్డు పక్కన గుట్ట పోయించాడు. బేతంచెర్ల బండలు. ఈ జిల్లాల్లో పుట్టినవాళ్లం వాటి మీదే పాకాం, వాటి మీదే పడుకుని ఎండాకాలం మధ్యాహ్నాలు గడిపాం. ఇప్పుడు బేతంచెర్ల నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ బండ మాత్రం మనదే. గుట్టలో వెతికితే మూలలు చెడని బండ ఒకటి దొరికింది, మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంగుళం మందం. లెక్కేస్తే ఇరవై ఏడు కిలోల దాకా తేలుతుంది. అడిగితే ఆయన "తీస్కపోండి సార్, ట్రాక్టరు బాడుగ తగ్గుతుంది" అన్నాడు. స్కూటర్ ముందు భాగంలో నిలబెట్టి, కాళ్లు రెండూ బయటికి చాపి, వీధంతా చూస్తుండగా ఇంటికి తెచ్చాను. మా ఆవిడ వారం రోజులు ఆ వీధిలోకి పోలేదు.

బండ అంచులు పాలిష్ పట్టించి, మిషను కాళ్ల మీద ముందు టేకు రీపర్లతో చట్రం బిగించి, దాని మీద అక్కడక్కడా సిలికాన్ చుక్కలు పెట్టి బండ ఆనించాను. బండకు రంధ్రం వేయలేదు, అంతా జిగురుతో అంటించనూ లేదు. చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుదించుకుంటుంది, మన కర్నూలు ఎండకు మరీ ఎక్కువ, బండ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఈ రెంటినీ కదలకుండా కట్టేస్తే ఎవరో ఒకరు పగులుతారు. సిలికాన్ కొంచెం రబ్బరులాగా సాగుతుంది కాబట్టి గొడవ లేదు.

ఇంతా చేసి గెలిచాననుకున్న ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీ చేసుకున్నాం. అమ్మ ఆ టేబుల్ మీదే నిమ్మకాయ కోసి ఉగ్గాని మీద పిండింది. తుడిచాక చూస్తే నల్లగా మెరిసే బండ మీద నిమ్మబద్ద పెట్టిన చోట గుండ్రంగా తెల్లటి మచ్చ, చేత్తో తడిమితే గరుకు. బేతంచెర్ల బండ అంటే సున్నపురాయి, పులుపు తగిలితే పై పొర కరుగుతుంది. నిమ్మకాయ, చింతపండు, వెనిగర్, బాత్రూం కడిగే యాసిడ్ అన్నీ దానికి శత్రువులే. పాత ఇళ్లల్లో వంటింటి బండలు ఎందుకు మెరుపు పోయి ఉంటాయో నలభై ఏళ్లకు అర్థమైంది నాకు. నాలుగు వందల నంబరు వాటర్ పేపర్‌తో, అంటే తడిపి రుద్దే ఉప్పుకాగితంతో, నీళ్లు పోస్తూ రుద్ది, తర్వాత ఎనిమిది వందలతో, ఆపైన మైనం పట్టిస్తే మచ్చ చాలావరకు పోయింది. పక్కనుంచి వెలుతురు పడితే ఇంకా కనిపిస్తుంది, ఉండనీ. పాప దాన్ని చందమామ అంటోంది.

పాప రాసుకుంటూ కింద పెడలు తొక్కుతూనే ఉంటుంది. బెల్టు లేని చక్రం ఊరికే తిరుగుతుంది. "ఎక్కాలు రాస్తున్నావా జాకెట్టు కుడుతున్నావా" అని అమ్మ అడుగుతుంది.

దీన్ని ఇప్పుడు అప్‌సైక్లింగ్ అంటున్నారు, వీడియోలు వందల్లో ఉన్నాయి. మా జేజి "పారేయాకురా" అనేది, అదే. కానీ ఆ వీడియోలు చూసి నేను చేసిన వెధవ పని ఒకటి చెప్పాలి. టేబుల్ కుదిరిన ఊపులో గుజిరీ అంగడి నుంచి ఒక చిన్న టీపాయ్ తెచ్చాను, నల్లగా జిడ్డుగా ఉంది, రెండు వందలు. వీడియోలో చూపించినట్టే పైన ఒక తుడుపు తుడిచి ఆకాశనీలం రంగు కొట్టి, అంచులు కావాలని అక్కడక్కడ గీకి "పాత లుక్" తెచ్చాను. నిజంగా పాతదైన వస్తువుకు కొత్త రంగేసి మళ్లీ పాతగా కనబడేట్టు గీకడం, ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది. నాలుగు రోజులకు ఎవరో వేడి టీ గ్లాసు పెట్టి తీస్తే గ్లాసుతోపాటు రూపాయి బిళ్లంత రంగు ఊడి వచ్చింది.

మా ఇంటి దర్వాజాలు చేసిన వడ్లాయన, నేను మామా అని పిలుస్తాను, అప్పుడప్పుడు టీకి వస్తాడు. దాన్ని చూసి గోరుతో ఒకసారి గీకి, "ఒంటికి నూనె పూసుకోని పైన బిళ్ల అతికిస్తే నిలుస్తుందా అబ్బీ?" అన్నాడు. ఏళ్ల తరబడి పట్టిన మైనం, చేతుల జిడ్డు అట్లే ఉన్నాయి, రంగు చెక్కను పట్టుకోలేదు, జిడ్డును పట్టుకుంది. తర్వాత టీపాయ్‌ను తిరగేసి అడుగున ఉలి అంచుతో బియ్యపుగింజంత గీకి చూపించాడు. తేనె రంగు, నల్లటి సన్న చారలు, ముక్కు దగ్గర పెట్టుకుంటే తోలు సంచి లాంటి వాసన. టేకు. "దీనికా నీలం రంగు కొట్టింది" అని ఒక్క మాట అని టీ తాగేసి పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రంగు ఊడబెరకడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఎనభై నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి, నూట ఇరవై, నూట ఎనభై, రెండు వందల ఇరవై దాకా, ఎప్పుడూ చార వెంబడే రుద్దాలి, అడ్డంగా రుద్దితే పడిన గీతలు పాలిష్ వేసిన తర్వాతే కనిపిస్తాయి, అప్పుడు ఏడ్చినా లాభం లేదు. పైన లక్క పాలిష్ వేద్దామా అంటే మామ వద్దన్నాడు. లక్క పలుకులు స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పట్టించే పాలిష్ చూడ్డానికి దాన్ని మించింది లేదు, కానీ వేడి గ్లాసు పెడితే తెల్లమచ్చ పడుతుంది. టీపాయ్ మీద పెట్టేదే టీ కదా. అందుకని అవిసె నూనె పట్టించమన్నాడు, పల్చగా, పూతకూ పూతకూ మధ్య రోజులు ఆగి. ఇంకో మాట చెప్పాడు, ఇది ఎవరైనా చేసేముందు తప్పకుండా తెలుసుకోవాలి: ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయకూడదు. అవిసె నూనె ఆరేటప్పుడు గాలితో కలిసి వేడి పుట్టిస్తుంది, ఆ వేడి గుడ్డ మడతల్లో చిక్కుకుంటే నిప్పు లేకుండానే అంటుకుంటుంది. విప్పి తీగ మీద ఆరేయాలి, లేదా నీళ్లలో వేసేయాలి.

ఇంకో జాగ్రత్త పాత రంగుల గురించి. మా పాత ఇంటి కిటికీ రెక్కలు నాలుగు ఉన్నాయి, ఆకుపచ్చ రంగు పొరలు పొరలుగా లేచిపోతోంది, వాటితో పాపకు పుస్తకాల అలమారు చేద్దామనుకున్నాను. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు కొట్టిన రంగుల్లో, అందులోనూ మెరిసే ఎనామిల్ రంగుల్లో, సీసం ఎంతైనా ఉండొచ్చు. పొడిగా రుద్దితే ఆ దుమ్మంతా ఇంట్లోనే తిరుగుతుంది, చిన్నపిల్లల మెదడుకు అది విషం. రుద్దాల్సి వస్తే నీళ్లతో తడుపుతూ, మాస్కు కట్టుకుని, పిల్లలు లేని చోట రుద్దాలి. పిల్ల పుస్తకాల కోసం ఆ రిస్కు ఎందుకని నేను వాటిని ముట్టుకోలేదు. గోడకు ఆనించి ఉన్నాయి, మా ఆవిడ రోజూ వాటి వంక, తర్వాత నా వంక చూస్తుంది.

గుజిరీ అంగడి గురించి కూడా చెప్పాలి. అక్కడ భాయ్ ఏ కుర్చీ చూపించినా "ఇది రాజధాని టైముది సార్" అంటాడు. 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు దాకా మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్నందుకు కర్నూలుకు ఏం మిగిలిందంటే ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అనే పేటల పేర్లు, ఈ కుర్చీలు. భాయ్ ఇప్పటిదాకా అమ్మిన రాజధాని కుర్చీలన్నీ లెక్కేస్తే అప్పటి ప్రభుత్వం మొత్తం కూర్చున్నా ఇంకా మిగులుతాయి. అయినా నేను కూడా ఒకటి కొన్నాను, మూడు వందల యాభైకి, చేతులున్న టేకు కుర్చీ. ప్రకాశం పంతులు కాకపోయినా ఎవరో గుమాస్తా కూర్చునే ఉంటాడులే అని.

కొనేముందు నేను ఇప్పుడు చూసేవి మూడే. ఒక కాలు పట్టుకుని ఊపితే అతుకు కదలొచ్చు, పర్వాలేదు, అది బిగించుకోవచ్చు. కానీ అడుగున సన్న రంధ్రాలు, వాటి కింద పౌడరు లాంటి పొడి ఉంటే పుచ్చు పురుగు లోపల ఇంకా తింటున్నట్టే, ఆ వస్తువు ఇంట్లోకి తెస్తే మిగతావాటికీ పట్టొచ్చు. టేకు అని చెప్పినా అంచున పాలిపోయిన తెల్లచెక్క భాగం ఉంటే స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడాలి, పురుగుకు గానీ చెదలకు గానీ ఎదురునిలిచే గుణం లోపలి చేవలోనే ఉంటుంది, తెల్లచెక్కలో ఉండదు.

నా కుర్చీకి చెక్క గట్టిది, కూర్చునే చోట కేన్ అల్లిక మాత్రం పూర్తిగా తెగిపోయింది. ఫోమ్ వేసి రెగ్జిన్ కొట్టేద్దామనుకున్నాను. మామ వద్దని, ఆఫీసుల్లో కుర్చీలు అల్లి రిటైరైన ఒక పెద్దాయన దగ్గరికి పంపాడు. ఆయనకు చూపు లేదు. కుర్చీని ఒళ్లో పెట్టుకుని చట్రం చుట్టూ ఉన్న రంధ్రాల మీద వేళ్లు నడిపిస్తా పోయి, ఒకచోట ఆగి, "ఇక్కడ ఎవరో లప్పం పెట్టి మూసినారు, లోపల మేకు ముక్క ఉంది" అన్నాడు. నేను ఆ కుర్చీని వారం రోజులు తుడిచాను, నాకు కనబడలేదు. ఆ మేకు తీశాకే పని మొదలుపెట్టాడు. నిలువు రెండు వరసలు, అడ్డం రెండు, ఐమూల రెండు, మొత్తం ఆరు వరసలు ఒకదానిలోంచి ఒకటి తీస్తే మధ్యలో ఎనిమిది మూలల కన్ను మిగులుతుంది. నాలుగు రోజులు పట్టింది. తీసుకునేటప్పుడు ఒక చిట్కా చెప్పాడు: కొన్నాళ్లకు అల్లిక కిందికి జారినట్టుంటే, కుర్చీ తిరగేసి అడుగు వైపు వేడినీళ్ల గుడ్డతో బాగా తడిపి ఒక రాత్రి వదిలేయాలి, ఆరేటప్పుడు మళ్లీ బిగుసుకుంటుంది. మన ఎండలకు కేన్ ఎండిపోయి తెగకుండా ఉండాలన్నా అప్పుడప్పుడూ అదే చేయాలట. ఎనిమిది వందలు అడిగాడు. ఇంకా ఇవ్వబోతే తీసుకోలేదు.

ఇప్పుడు మిగిలింది జేజి మంచం. వేప పట్టెలు, తుమ్మ కోళ్లు, నులక ఎప్పుడో చీకిపోతే విప్పి పారేశారు, చట్రం ఒక్కటే గోడకు నిలబెట్టి ఉంది. దీన్ని బెంచీ చెయ్యొచ్చు, ఉయ్యాల చెయ్యొచ్చు, గాజు వేసి డైనింగ్ టేబుల్ చేసినవాళ్లు కూడా ఉన్నారు. నాకు కూడా రెండు రోజులు ఆశ పుట్టింది, కొలతలు తీసుకున్నాను. అమ్మ చూసి, "మంచాన్ని మంచం చెయ్యడం రాదా నీకు?" అంది.

నులక తెచ్చిపెట్టాను. అల్లడం మాత్రం నాకు రాదు, మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ విప్పాను, ఐమూల గళ్లు రావాల్సిన చోట పక్షి గూడు వచ్చింది. కోడుమూరు దగ్గర ఊళ్లో మా చిన్నజేజికి ఇంకా వచ్చంట, చేతులు వణుకుతాయి గానీ పక్కన కూర్చుని చెప్తానంది. వచ్చే ఆదివారం పోయి తీసుకురావాలి. ఈలోపు నులక ఉండను పిల్లి తన సొంతం చేసుకుంది.